ఊరు మారితే ఉప్పు కూడా మారుతుంది

"మేం బయట పెద్దగా తినమండీ. పప్పు, కూర, చారు, పెరుగు అన్నీ ఇంట్లోనే. అమ్మ వండినట్టే వండుతున్నాను. అయినా రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి తక్కువ, బి12 తక్కువ, ఐరన్ తక్కువ అంటున్నారు. ఎందుకిలా?"

ఈ శీర్షికకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. అడిగేవారు డాలస్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా మాటల్లో పెద్ద తేడా ఉండదు.

చాలాసార్లు లోపం మీ వంటలో ఉండదు. వంట అదే, దాని చుట్టూ ఉన్నవి మారిపోయాయి. ఊళ్లో ఉన్నప్పుడు కొన్ని పోషకాలు మనం అడక్కుండానే, లెక్కపెట్టకుండానే ఒంటికి చేరేవి. ఉప్పులో అయోడిన్, డాబా మీద ఎండ, ఇనప మూకుడు నుంచి కాస్త ఇనుము, పొద్దున్నే వచ్చే పాలు. దేశం దాటాక ఇవి చడీచప్పుడు లేకుండా మారాయి. మారిన సంగతి మనకెవరూ చెప్పలేదు. ఈ నెల వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు రెండు ముక్కలు. మన ఒంటికి కావలసిన విటమిన్లు 13. ఎ, డి, ఇ, కె నూనెలో, నేతిలో కరుగుతాయి. బి రకాలు ఎనిమిది, సి ఒకటి నీళ్లలో కరుగుతాయి. ఇనుము, క్యాల్షియం, అయోడిన్, జింక్ లాంటి ఖనిజాలు మట్టిలోంచి, నీటిలోంచి పైరుకూ, పశువుకూ, అక్కణ్ణించి మనకూ వస్తాయి. వీటిలో దేన్నుంచీ నేరుగా శక్తి రాదు. కానీ తిన్న అన్నం శక్తిగా మారాలన్నా, రక్తం పట్టాలన్నా, ఎముక గట్టిపడాలన్నా ఇవి ఉండి తీరాలి. కావలసింది మిల్లీగ్రాముల్లో, మైక్రోగ్రాముల్లోనే కాబట్టి లోటు వచ్చినా వెంటనే తెలీదు. అలసటగానో, జుట్టు రాలడంగానో, చిరాకుగానో కనిపిస్తుంది. "పని ఎక్కువైంది, అంతే" అని సర్దుకుపోతాం. అలా సర్దుకుపోవడం వల్లే చికిత్స ఆలస్యమవుతుంది.

ఎండ

విటమిన్ డి ఆహారంలో తక్కువగా దొరుకుతుంది. చాలావరకు ఎండ తగిలినప్పుడు చర్మమే తయారు చేసుకుంటుంది. మన చామనఛాయకు ఎండ కాస్త ఎక్కువసేపు కావాలి. బ్రిటన్‌లో అక్టోబరు నుంచి మార్చి మొదటిదాకా ఎండ కనిపించినా దానితో డి తయారవదు. అందుకే అక్కడి ఆరోగ్యశాఖ చలికాలంలో అందరినీ రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు, వేసుకోవడం గురించి ఆలోచించమంటుంది. దక్షిణాసియా వాళ్లకైతే ఏడాది పొడుగునా అంటుంది. అమెరికాలో పెద్దలకు 600 యూనిట్లు, 70 దాటితే 800 అని లెక్క. అక్కడ అమ్మే ఆవుపాలలో ఎక్కువ వాటికి డి కలుపుతారు. బ్రిటన్‌లో మామూలు పాలకు సాధారణంగా కలపరు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు "మాకు ఎండకేం తక్కువ" అంటారు. ఇంట్లోంచి కారులోకి, కారులోంచి ఆఫీసులోకి వెళ్లే ఒంటికి ఆ ఎండ తగలదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండతో డి రాదు. ఆ మాటకొస్తే ఊళ్లో కూడా ఇంటిపట్టునే ఉండే ఆడవాళ్లలో డి తక్కువే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇండియా నుంచి తెచ్చుకునే 60,000 యూనిట్ల పొడి లేదా మాత్ర డాక్టరు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలకే రాస్తారు. రోజూ వేసుకునేది కాదు. రోజుకు 600 చొప్పున లెక్కేస్తే అందులో 100 రోజుల మోతాదు ఉంది. డి అతిగా చేరితే రక్తంలో క్యాల్షియం పెరిగి, వాంతులు, కిడ్నీ ఇబ్బందులు వస్తాయి.

ఉప్పు

ఇండియాలో వంటకు అమ్మే ఉప్పులో అయోడిన్ ఉండాలన్నది చట్టం. కాబట్టి ఏ ప్యాకెట్ కొన్నామన్నది అక్కడ ఆలోచించలేదు. బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో దొరికే ఉప్పులో చాలావరకు అయోడిన్ ఉండదు. అమెరికాలో అయోడిన్ ఉప్పు 1924లోనే మిషిగన్‌లో మొదలైంది గానీ, ఇప్పటికీ అది ఉన్నదీ లేనిదీ ఒకే అలమరలో పక్కపక్కన పెడతారు. సీ సాల్ట్, కోషర్ సాల్ట్, ఇప్పుడు అందరిళ్లలో కనిపించే గులాబీ రంగు హిమాలయన్ ఉప్పు, వీటికి సాధారణంగా అయోడిన్ కలపరు. ఆరోగ్యమనుకుని మార్చిన ఉప్పుతో ఒక ఖనిజం ఇంట్లోంచి వెళ్లిపోయిందన్నమాట.

అయోడిన్ లేకపోతే థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారు చేయలేదు. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 220, పాలిచ్చే తల్లులకు 290 కావాలి. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి ఇది చాలా ముఖ్యం. అమెరికాలో దొరికే అయోడిన్ ఉప్పు పావు టీస్పూను తింటే రోజు అవసరంలో సగం వస్తుంది. ఉప్పు ఎక్కువ తినమని కాదు, తినే కాస్త ఉప్పూ అయోడిన్‌ది అయితే చాలు. పాలు, చేపలు, గుడ్లలో కూడా ఇది ఉంటుంది. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అయోడిన్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి.

పాలు

బి12 కూరగాయల్లో, పప్పుల్లో సహజంగా దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలలోనే ఉంటుంది. శాకాహారులకు ఆధారం పాలు, పెరుగు. పెద్దలకు రోజుకు 2.4 మైక్రోగ్రాములు కావాలి, కప్పు పాలలో సుమారు 1.2 ఉంటుంది. కాఫీలో కాసిని పాలు, అన్నంలో రెండు గరిటెల పెరుగుతో ఆ లెక్క పూర్తవదు. దానికి తోడు ఇక్కడ చాలామంది బాదం పాలకో, ఓట్ పాలకో మారారు. వాటిలో కలిపితేనే బి12 ఉంటుంది, క్యాల్షియం, అయోడిన్ కూడా అంతే. డబ్బా వెనక చదివి కొనండి.

మామూలుగా ఒంట్లో బి12 నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది. అందుకే వచ్చిన కొత్తలో ఏమీ తెలీదు. నాలుగైదేళ్ల తర్వాత కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం మొదలవుతాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకీ, గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకీ ఈ లోటు వచ్చే అవకాశం ఎక్కువ. మీ దగ్గరికి వచ్చిన అత్తగారో, అమ్మో "వయసు కదా, కాళ్లు మొద్దుబారుతున్నాయి" అంటే, వయసు మీదకు తోసేయకుండా బి12 పరీక్ష చేయించండి. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఇనుము

అమెరికా లెక్క ప్రకారం 19 నుంచి 50 ఏళ్ల ఆడవాళ్లకు రోజుకు 18 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్లకు 8 చాలు. గర్భిణులకు 27. అంటే మీ ఆయనా మీరూ ఒకే వంట తింటున్నా, మీకు కావలసింది రెట్టింపు పైనే. చాలా ఇళ్లలో మాత్రం ఆఖరున మిగిలినది తినేది ఇప్పటికీ ఆవిడే.

ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. పట్టేలా చేసేది విటమిన్ సి. పప్పులో పొయ్యి కట్టేశాక నిమ్మకాయ పిండడం, భోజనంతో పచ్చి క్యాప్సికం ముక్కలో, జామపండో, నారింజో తినడం మేలు చేస్తాయి. పట్టకుండా చేసేవి టీ, కాఫీ. భోజనం కాగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగి తాగండి. పప్పులు నానబెట్టడం, పెసలు మొలకెత్తించడం, ఇడ్లీ పిండి పులియబెట్టడం వల్ల ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. చలిదేశంలో పిండి పొంగదని వంటసోడా వేసేస్తే ఆ మేలు పోతుంది, సోడా బి1ను కూడా పాడుచేస్తుంది. లైటు వేసిన ఓవెన్‌లో పెట్టి ఓపిక పట్టడం మంచిది.

నాన్‌స్టిక్ వచ్చి ఇనప మూకుడును అటకెక్కించింది. దాన్ని దింపండి. పులుపు వేసిన కూర అందులో ఉడికితే కాస్త ఇనుము కూరలోకి దిగుతుంది. అయ్యాక మాత్రం వేరే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే నల్లబడి ఇనప వాసన వేస్తుంది.

పరీక్షకు వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్‌తోపాటు ఫెర్రిటిన్ కూడా చూడమని అడగండి. హిమోగ్లోబిన్ బాగున్నా నిల్వలు తరిగి ఉండొచ్చు. నెలసరి ఎక్కువగా అవుతుంటే ఆ మాట డాక్టరుతో చెప్పడానికి మొహమాటపడకండి.

ఆకు

ఫోలిక్ యాసిడ్ పేరు లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చింది, 1941లో దాన్ని పాలకూర నుంచి వేరుచేశారు. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే దారి 1945లో చూపిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో చనిపోయారు. తర్వాత ఆ జబ్బుకు మందుగా వాడింది ఈ విటమిన్‌నే.

బిడ్డ వెన్నుపాముకు మూలమైన నాళం గర్భం వచ్చిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలీదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు. షుగరు, మూర్ఛ మందుల లాంటివి ఉంటే మోతాదు డాక్టరు చెబుతారు. అమెరికాలో 1998 నుంచి ఎన్‌రిచ్డ్ అని రాసిన పిండికి, బ్రెడ్డుకు, బియ్యానికి దీన్ని కలపడం తప్పనిసరి. కానీ ఇండియన్ స్టోరులో మనం కొనే గోధుమపిండి, సోనా మసూరి ఎక్కువగా ఆ కోవలోకి రావు. అంటే ఆ దేశంలో ఉంటూ కూడా ఆ రక్షణ మన కంచంలోకి రావడం లేదు. కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయి మీకు తెలిసుంటే ఈ ఒక్క విషయం చెప్పండి.

నీళ్లు

ఆడవాళ్లకు రోజుకు అన్నిరకాలూ కలిపి 2.7 లీటర్ల నీరు అని అమెరికా లెక్క. ఇందులో ఐదోవంతు తిండిలోంచే వస్తుంది. చారు, మజ్జిగ, పాలు కూడా లెక్కలోకే. చలిదేశంలో దాహం తెలీదు, హీటరు గాలికి ఒళ్లు ఆరిపోతుంది. గల్ఫ్ వేసవిలో చెమటతో ఉప్పు కూడా పోతుంది, అక్కడ పలచని ఉప్పు మజ్జిగకు మించింది లేదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలినన్ని తాగుతున్నట్టే. ఆఫీసులో లేవాల్సి వస్తుందని నీళ్లు మానేస్తే మలబద్ధకం, మూత్రంలో మంట మనకే వస్తాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

నీళ్లు పోషకాలను ఒంట్లోకి మోసుకెళ్తాయి, వంటింట్లో సింకులోకీ మోసుకెళ్తాయి. కూరలు కడిగి తరగండి, తరిగి కడగకండి. ఆకుకూర ఉడికిన నీళ్లు పప్పులోనో చారులోనో పోసేయండి. అమెరికాలో ఎన్‌రిచ్డ్ బియ్యం కొంటే, కడగొద్దని సంచి మీదే రాస్తారు. పైన పట్టించిన విటమిన్లు కడుగునీళ్లలో పోతాయి. ఊళ్లో అయితే కడుగు, గంజి కుడితిలోకి పోయి కనీసం గేదెకు దక్కేవి!

మాత్రల దగ్గర జాగ్రత్త

• థైరాయిడ్ మాత్రకూ, ఐరన్, క్యాల్షియం మాత్రలకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి.
• ఐరన్, క్యాల్షియం రెండూ ఒకే పూట వద్దు.
• బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో వాడితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తూ, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.
• జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే రక్తపరీక్షకు ముందే చెప్పండి. థైరాయిడ్ ఫలితాలు తప్పుగా రావచ్చు.
• ఐరన్ మాత్రలు, తియ్యటి గమ్మీలు పిల్లలకు అందకుండా పెట్టండి. ఎక్కువ మింగితే ప్రాణం మీదకు వస్తుంది.

ఈ వారం ఒక పని చేయండి. ఉప్పు డబ్బా, పాల డబ్బా, పిండి సంచి, మాత్రల సీసాలు అన్నీ బల్ల మీద పెట్టి, వెనక రాసినవి తీరిగ్గా చదవండి. పావుగంట పని. ఏది ఉందో, ఏది లేదో ఒక కాగితం మీద రాసి, ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు తీసుకెళ్లండి. ఇంట్లో అందరి పరీక్షల తేదీలూ గుర్తుపెట్టుకునే మీరు, ఈసారి మీ పేరే మొదట రాయించుకోండి.

వచ్చే నెల పిల్లల లంచ్ బాక్స్ సంగతులు. అందాకా సెలవు.