కౌంటర్‌లో నాకు ‘ఆప్’, అన్నకు ‘తూ’
పాతబస్తీ బార్కస్ నుంచి గల్ఫ్‌కి డ్రైవర్‌గా పోయే అన్నా, ల్యాప్‌టాప్ బ్యాగుతో నేనూ నిలబడేది ఒకే ఇమిగ్రేషన్ లైన్‌లో. ఆఫీసర్ నన్ను ‘ఆప్’ అంటాడు. అన్నను మాత్రం ‘తూ’. పైగా ‘ఎవడు పంపుతుండు నిన్ను?’ అని గద్దింపు. ఇంకా మన దేశం దాటనే లేదు!

తేడా పాస్‌పోర్ట్‌లో ఉంది. టెన్త్ పాస్ కాకపోతే సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టే ఇస్తరు. దానితో సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. 1983 చట్టం ఈ రూల్ పెట్టింది, ఏజెంట్ల మోసాల నుంచి కార్మికుణ్ని కాపాడటానికి.

అన్నట్టు, బార్కస్ అంటే బ్యారక్సే. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు ఉన్న చోటు. పని కోసం సరిహద్దు దాటడం అక్కడ తరాల ముచ్చట.

వీసా చూడండి, క్లియరెన్స్ అడగండి, అది మీ డ్యూటీ. ‘తూ’ అనమని ఏ సెక్షన్‌లో రాసుంది సార్?