పరదేశంలో పుట్టినరోజు



కోనసీమనుండి, కడప జిల్లానుండి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. సెలవుమీద వచ్చినప్పుడు జీతం సంగతి, ఎండల సంగతి చెప్తారు. కాసేపు దగ్గర కూర్చుని అడిగితే, అక్కడ తమకు పుట్టినరోజు చేసినవారి సంగతి కూడా చెప్తారు.

ఒకే ఇంట్లో వంటకు ఫిలిప్పీన్స్ అమ్మాయి, పిల్లలను చూడడానికి శ్రీలంక ఆమె, కారు నడపడానికి మన దేశస్థుడు ఉండడం అక్కడ మామూలే. ఒకరి భాష ఒకరికి రాదు. వచ్చీరాని అరబీలోనే మాటలన్నీ. అయినా గుర్తింపు కార్డుమీది తేదీ చూసి జ్ఞాపకం పెట్టుకుంటారు. యజమానులు భోంచేసి పడుకున్నాక వంటింట్లో చిన్న కేకు పెడతారు. ఫిలిప్పీన్స్ వారైతే 'పాన్‌సిత్' అని సేమ్యాలాంటి వంటకం చేస్తారు. పొడవైన ఆ పోగులు దీర్ఘాయుష్షుకు గుర్తట. అందుకే వాటిని తుంచరు.

ఇందులో ఒక చిక్కుంది. మన పల్లెల్లో చాలామందికి ఆ కార్డుమీది తేదీ, బడిలో చేర్చిననాడు మాస్టారు వేసినదే. అసలు రోజు అమ్మకే తెలుసు. "1996 నవంబరు 6న పెద్ద తుఫాను రాలేదూ, అది పోయిన మూడో వారం పుట్టావు" అంటుంది. అసలు రోజు ఎరిగిన ఇల్లేమో మరచిపోతుంది. కార్డు తేదీ మాత్రమే ఎరిగిన పరాయివారు పండుగ చేస్తారు. కేకు ముందు ఆ బిడ్డ కళ్లు తడిసేది ఇందుకే.

ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవివ్వాలని కువైట్ 2015లో చట్టం చేసింది. చట్టం సెలవు ఇప్పించగలదు. నీవు పుట్టినందుకు మాకు సంతోషం అనే మాట మనుషులే చెప్పాలి.

కాబట్టి ఇంటివారు ఈ మూడు పనులు చేయండి. అమ్మనో పెద్దమ్మనో అడిగి అసలు తేదీ తేల్చి, ఇంటి బైబిలు మొదటి పేజీలో రాసుకోండి. ఆ రోజు తప్పక ఫోను చేయండి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మనకు రాత్రి 12 అయితే వారికి తొమ్మిదిన్నర. ఆ ఫోనులో వడ్డీ, ఫీజులు, ఇంటి స్లాబు మాట ఎత్తకండి. అవి మరునాడు మాట్లాడుకోవచ్చు. కేకు పెట్టినవారి పేర్లు అడిగి తెలుసుకుని, కుటుంబ ప్రార్థనలో వారినీ తలచుకోండి.

మన రొయ్యల చెరువులమీద, ఇటుక బట్టీలలో ఒడిశా బిడ్డలు పనిచేస్తున్నారు. వారి తల్లులూ దూరాననే ఉన్నారు. పుట్టినరోజుకు వారి ఇళ్లలో 'ఖిరి' వండుతారు, మన పాయసమే. ఒక గిన్నెడు వండి పంపడం మనకేమంత కష్టం?