ఇంటిలో తూటాల పోత

1759వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీన బందరు కోట వెలుపల విడిసియున్న ఆంగ్ల సేనాని ఫోర్డుతో అతని ఫిరంగి అధికారులు ఒక్క మాట చెప్పిరి: మందు రెండు దినములకు మాత్రమే చాలును. కోటలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు. వెనుకనుండి సలాబత్ జంగు సైన్యము. ఫోర్డు ఆ రాత్రియే కోటపై బడెను. తెల్లవారునప్పటికి కోట అతనిదయ్యెను. పీపాలలో మిగిలిన మందు కొలతనుబట్టి సర్కారు జిల్లాల జాతకము మారినది. తుపాకి యెంత గొప్పదైనను, దానికి వేయు తూటా యెవరి చేతిలో నున్నదో వారిదే పెత్తనమని మన ఊరు అంత పూర్వమే నేర్చుకొన్నది.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు పడినప్పుడు 26 తుపాకులతో పాటు తూటాలనుగూడ కొనిపోయినది ఇందుకే.

ఈ పూర్వకథ నిప్పుడేల యెత్తితిమనగా, లైసెన్సు పొంది పిస్తోలు నుంచుకొన్నవాడు తన తూటాలను తానే యింట పోసికొనరాదా యని మిత్రులు కొందరు మమ్మడిగిరి. అమెరికాలో గృహస్థులు దీనిని వేడుకగా చేసికొనుచున్నారట. మనకేమి లోపమని వారి వాదము. చిలకలపూడి నగలవారి అచ్చుపోత నెరిగిన ఊరికి సీసపు గుండు పోయుట యొక విద్యయా అని ఒకరు నవ్విరి కూడ.

ఆ నవ్వులో కొంత నిజమున్నది. తూటాలో నున్నవి నాలుగే వస్తువులు: ఇత్తడి గొట్టము, దాని యడుగున రంజకపు బిళ్ళ, లోపల మందు, మూతిని గుండు. పేల్చిన పిదప ఇత్తడి యొక్కటే పనికివచ్చును. ఖరీదైన ఆ ఇత్తడిని పారవేయనేల, మరల నింపుకొందమను ఆలోచన పొదుపరికి సహజమే. సీసము 327 డిగ్రీల వేడికే కరగును. గుండు పోయుట కష్టమైన పని కాదు. కష్టమంతయు మందు కొలతయందున్నది. సెమీ ఆటోమేటిక్ పిస్తోలు తూటా ప్రేలిన బలముతోనే పాత గొట్టమును విసరివేసి క్రొత్తదానిని లోనికి తెచ్చుకొనును. మందు తగ్గినయెడల గుండు గొట్టము నడుమనే చిక్కుకొనవచ్చును; అది గమనింపక మరల మీట నొక్కినవానికి పిస్తోలు చేతిలోనే పగులవచ్చును. మందు హెచ్చినను ఫలమదియే. కార్ఖానాలో దీనికి పరీక్షలు కలవు. పెరటి వసారాలో పరీక్షించునది వాని చేయియే. సీసపు ధూళి సంగతి చెప్పనక్కరలేదు. అది చేతికి బట్టకు నంటి పిల్లల కంచములోనికి వచ్చును. దానిచే ముందు చెడునది పిల్లల బుద్ధి.

ఇక హక్కు మాట. 1878లో లిట్టను ప్రభువు తెచ్చిన ఆయుధశాసనము భారతీయుని లైసెన్సు కొరకు నిలువబెట్టి తెల్లవానిని విడిచిపుచ్చినది. ఆ యవమానము మరపురానిది. కనుకనే 1931 కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుటను పౌరుని హక్కులలో చేర్చెను. 1948 డిసెంబరులో కామత్‌గారు దానినే రాజ్యాంగములో నుంచవలెనని సవరణ తేగా సభ త్రోసివేసినది. అదే నెలలో జయపుర కాంగ్రెసునకు అధ్యక్షత వహించినవారు మన బందరు పట్టాభి సీతారామయ్యగారే. స్వరాజ్యము వచ్చుచుండగా మనవారికి పిరికితనము కలిగెనని కొందరందురు. మేమట్లు తలపము. నాటి ఫిర్యాదు ప్రధానముగా జాతిభేదమును గూర్చినది. ప్రతి వంటయింట తూటాల కొలిమి పెట్టవలెనని యెవరును కోరలేదు.

నేటి చట్టము 1959 నాటిది. లైసెన్సు లేక తూటా చేయుట నేరము. తూటాలు చేయు యంత్రమునుగూడ అది మందుగుండు నిర్వచనములోనే చేర్చినది. 2019 సవరణ తరువాత శిక్ష ఏడేండ్లకు తగ్గదు, యావజ్జీవమువరకు పోవచ్చును. వేడుకకై పోసినవానిని, హంతకునికై పోసినవానిని ఒకే గాట కట్టుట కఠినమే. ఇందులో మాకు మిత్రులతో సగము ఏకీభావము కలదు.

ఆటగాండ్ర మాట వేరు. ఒలింపిక్ పోటీలలో పిస్తోలు పట్టువారు వాడునది గాలి పిస్తోలు, లేదా .22 తూటా. .22 తూటాలో రంజకము గొట్టపు అంచున పరచియుండుటచే దానిని మరల నింపుట సాధ్యము కాదు. కావున ఆటపేరు చెప్పి ఇంటిపోత నడుగుట చాలవరకు కుంటిసాకు. సెంటర్ ఫైర్ పందెమున .32 వాడు కొద్దిమందికి మాత్రము అవసరము నిజము. వారు కొలత తప్పని తూటాలు వేలకొలది కాల్చినగాని చేయి కుదురదు. ఇంగ్లండులో మరల నింపుకొననిత్తురు. కాని రంజకపు బిళ్ళను అధికారపత్రము చూపినవానికే అమ్మవలెనని 2006లో చట్టము చేసిరి. ఇంట చేయరాని దేదో వారు గుర్తించి దానికే తాళము వేసిరి.

మన జిల్లాను చూడుడు. బందరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కార్ఖానా సైనికునికి చీకటిలో చూచు కన్నులు చేయుచున్నది. గుడివాడ చేరువ నిమ్మలూరులో 2025 అక్టోబరున ఆ పనికే మరియొక కార్ఖానా జాతికి అంకితమైనది; వ్యయము ఇంచుమించు 360 కోట్లు. దివిసీమలో నాగాయలంక కడ గుల్లలమోదకు అదే సంవత్సరము మే నెలలో క్షిపణి పరీక్షాస్థలపు శంకుస్థాపన జరిగినది. గుల్లలమోద తీరమున క్షిపణి కెగురుటకు చోటు చూపగలిగిన ప్రభుత్వమునకు, లైసెన్సు గల గురికాండ్రకు ఒక్క గదిలో, ఒక్క తూనికతో, ఒక్క అధికారి యెదుట తూటా నింపుకొను వసతి చేయుట భారమా? ఇత్తడి లెక్క అచ్చటనే వ్రాయవచ్చును, రంజకపు బిళ్ళలు అచ్చటనే పెట్టెలో నుంచి తాళము వేయవచ్చును, మిగిలిన మందు సాయంకాలము తూచి అప్పగించుకొనవచ్చును. గురిసంఘములవారు ఇంటి కొలిమికై వాదించుట మాని, ఈ గది కొరకు కలెక్టరు కచేరిలో అర్జీ దాఖలు చేయుదురుగాక. ఆ అర్జీపై మా సంతకముగూడ నుండును.