దొంగబుద్ధి ఎవరిది?

మొన్న మా ఇంట్లో చెవిదుద్దు ఒకటి కనబడకుండా పోయింది. పక్కింటి వదినగారు ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఇంకెవరండీ, మీ పనిపిల్లే! వాళ్ళ రక్తంలోనే ఉంటుంది ఆ బుద్ధి" అనేశారు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నా చూపూ ఆ పిల్ల కొంగుముడి మీదికే పోయింది. సాయంత్రానికి దుద్దు నా దిండుగలీబులో దొరికింది. సరే, పొద్దుటి నా చూపుని ఎలా వెనక్కి తీసుకోను?

ఈ "రక్తంలో ఉంటుంది" అన్న మాట వదినగారు కనిపెట్టింది కాదు. 1871లో తెల్లదొరలు దాన్ని చట్టంగానే రాసుకున్నారు. జాతులకు జాతులనే నేరస్థులని ముద్ర కొట్టారు. 1911లో ఆ చట్టాన్ని తిరగరాసి మన మద్రాసు రాజధానికీ తెచ్చారు. బాపట్ల దగ్గరి స్టువార్టుపురం అలా పుట్టిందే. 1913లో ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో అక్కడ ఉంచారు. హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. అక్కడ పుట్టిన పసిబిడ్డ ఏం దొంగిలించిందట? 1952లో చట్టం రద్దయింది. ఆ ఊరి పేరు వినగానే తలుపు గడియ చూసుకునే అలవాటు మాత్రం మనకు పోలేదు.

సంఘశాస్త్రం చదివినవాళ్ళు ఈ రక్తం కథని ఏనాడో పక్కన పెట్టారు. అందరికీ ఒకే ఆశ చూపించి దారి మాత్రం కొందరికే తెరిస్తే, మిగతావాళ్ళలో కొందరు అడ్డదారి తొక్కుతారన్నాడు అమెరికాలో మెర్టన్, 1938లో. నేరమూ నేర్చుకునే విద్యే, దగ్గరివాళ్ళ దగ్గరే నేర్చుకుంటారన్నాడు సదర్లాండ్. పెద్ద కంపెనీల నేరాల మీద 1949లో ఏకంగా పుస్తకమే వేశాడు. 1969లో హిర్షీ ప్రశ్ననే తిరగేశాడు. మనుషులు నేరం ఎందుకు చేస్తారని కాదు, ఎందుకు చేయరని అడగమన్నాడు. ఆపేవి బంధాలట. అమ్మ ఏమనుకుంటుందోనన్న బెంగ, చదువూ ఉద్యోగం పోతాయన్న భయం, తీరికలేని పని, తప్పు తప్పేనన్న నమ్మకం.

నాకీ మాట భలే నచ్చింది. నచ్చిన చోటే గుచ్చుకుంది కూడా. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. 1986 సవరణతో కనీసం ఐదేళ్ళ జైలు. మరి ఇక్కడ అమ్మ బెంగ ఎవర్నీ ఆపదేం? అమ్మే పక్కన కూచుని లెక్క చెప్తుంది. చదువు ఆపదు సరికదా, డిగ్రీని బట్టి రేటు పెరుగుతుంది. నమ్మకమంటారా, దేవుడికి దండం పెట్టుకునే బేరం మొదలెడతాం. మన పిల్లలు ఈ విద్య స్టువార్టుపురంలో నేర్చుకోలేదమ్మా! మన ముందుగదిలో, మనమిచ్చిన కాఫీ తాగుతూ నేర్చుకున్నారు.

"ఆడపిల్ల తల్లిని, ఇవ్వక ఏం చేయను?" అంటారు. నిజమే, ఇచ్చేవాళ్ళ మెడ మీద కత్తి ఉంది. పుచ్చుకునే తల్లి మెడ మీద ఏముంది? చాలా ఇళ్ళల్లో ఆ ఇద్దరు తల్లులూ ఒకరే కదా, ఓ ఏడాది అటు, ఓ ఏడాది ఇటు!

మనిషిని ఆపేది బంధమే అయితే, ఆ తాడు కొస మన చేతిలోనే ఉంది. "వద్దురా, నాకు సిగ్గుగా ఉంటుంది" అని కొడుకుతో ఒక్కసారి అని చూడండి. ఐదేళ్ళ జైలు చేయలేకపోయిన పని ఆ మాట చేయొచ్చు.

మర్నాడు పనిపిల్లకి జరిగింది చెప్పి, తప్పయిందన్నాను. "పోనిద్దురూ అమ్మగారూ, మాకలవాటేగా" అంటూ చీపురు అందుకుంది.