క్రాస్ అరిగితే ఆయిల్ మార్చి లాభం లేదు

జంషెడ్‌పూర్‌లో టెల్కో 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ ఊరి సిద్ధగోరా అయినా, మన విజయవాడ ఆటోనగర్ అయినా, సుమో, బొలేరో యజమానులకు ఇంజన్ ఆయిల్ మీదున్న శ్రద్ధ బండి కింద తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉండదు. గేరుబాక్సు శక్తిని వెనక చక్రాలకు చేర్చేది అదే. దాని చివర్లలోని యూనివర్సల్ జాయింట్లను మెకానిక్కులు క్రాస్ అంటారు.

వంపులో తిరిగే జాయింటు ప్రతి చుట్టులోనూ షాఫ్టు వేగాన్ని రెండుసార్లు పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. ఆ హెచ్చుతగ్గులను రెండో చివరి జాయింటు సరిచేస్తుంది. అందుకే విప్పేముందు పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి. గుర్తు తప్పి బిగిస్తే కొత్త క్రాస్ వేసినా బండి వణుకుతుంది.

పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఇంజన్ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఒక చేత్తో షాఫ్టును, ఇంకో చేత్తో జాయింటు అవతలి యోక్‌ను పట్టుకుని ఎదురెదురుగా తిప్పాలి. లూజు తెలిసినా, కప్పుల దగ్గర తుప్పు పొడి కనిపించినా లోపలి సూది బేరింగులు అరిగినట్టే. ఇక గ్రీజు కొట్టడం దండగ, క్రాస్ మార్చాల్సిందే. బాగున్న జాయింటుకు నిపిల్ ఉంటే, నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడింటితో సరిపెట్టుకుంటే నాలుగోది ఎండిపోతుంది. సీల్డ్ రకానికి గ్రీజు అక్కర్లేదన్నారు గానీ, చూడక్కర్లేదని ఎవరూ అనలేదు!

గేరు వేయగానే టక్కుమంటే లోపం డిఫరెన్షియల్‌లోనూ ఉండొచ్చు. కానీ ముందు చూడాల్సింది క్రాస్‌నే. నడుస్తున్న బండికి ముందు జాయింటు ఊడితే షాఫ్టు కొన రోడ్డులోకి గుచ్చుకోవచ్చు.