కుక్కకాటు – పురపాలకుల బాధ్యత

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీథికుక్కల వాతబడి మరణించెను. నాడు కన్నీరు విడువనివారు లేరు. కన్నీరారినది, కుక్కలు వీథులలోనే యున్నవి.

చట్టము లేకపోలేదు. 2001లో ఏర్పడి 2023లో మార్పు చెందిన కేంద్ర నిబంధనల ననుసరించి వీథికుక్కలను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, వెఱ్ఱి సోకకుండ టీకా వేయవలసిన భారము స్థానికసంస్థలదే. చికిత్స పొందినవానిని పట్టినచోటనే విడువవచ్చును గాని, వెఱ్ఱిపట్టినవానిని, మీదబడి కఱచువానిని విడువరాదని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఉత్తరువు చేసినది. పెంపుడు జంతువువలన ప్రాణాపాయము రాకుండ జాగ్రత్తపడని యజమానికి భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను 6 నెలలవఱకు ఖైదు గాని, 5,000 రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధించుచున్నది.

లోపము ఆచరణయందే కలదు. పదింటికి చికిత్స చేసి తొంబదింటిని మఱచినచో సంతతి తరుగునా? వీథిమొగలందు చెత్తకుప్పలు పెంచుచు కుక్కలు పెరిగినవని వగచిన నేమి ఫలము?

కుక్కలను చంపుడని మేము కోరుట లేదు. మూగజీవులయెడ దయ మనకు ధర్మమే. కాని దయ పేరిట పని మానుట దయ కానేరదు. కారులో పోవు ధనికుని కుక్క కఱవదు; నడచి బడికి పోవు పేదబిడ్డను కఱచును.

ఎన్ని కుక్కలకు చికిత్స జరిగెనో, ఎందఱు కాటుబడిరో, ఆసుపత్రిలో టీకామందు కలదో లేదో ప్రతి పురపాలకసంఘమును నెలనెలా ప్రకటింపవలెను. పౌరులారా, ఆ లెక్క నడుగుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు!