అరకు కాఫీ: నాణ్యతకు తగిన ధర అవసరం

అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో గిరిజన కుటుంబాలు సిల్వర్ ఓక్ నీడన, మిరియపు తీగల నడుమ అరబికా కాఫీని పండిస్తున్నాయి. 2019లో ఈ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుందే గాని రుచిని సృష్టించదు. ఒకే కొమ్మపై పండ్లన్నీ ఒకేసారి పక్వానికి రావు. కనుక ఎర్రబడిన పండ్లను మాత్రమే విడతలుగా ఏరి కోసి, అదే రోజు పల్పింగ్ చేసి, పార్చ్‌మెంట్ గింజలను తేమ 10–12 శాతానికి తగ్గేవరకు ఆరబెట్టవలసి ఉంటుంది. ఈ అదనపు శ్రమను భరించేది రైతు కుటుంబమే. పచ్చికాయలతో కలిపి దూసిన సరుకుకూ అదే ధర పలికితే ఏరి కోసే పద్ధతి నిలవదు. కావున విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణతో సరిపెట్టక, కొనుగోలుదారులతో కలిసి, గ్రామస్థాయిలోనే నాణ్యతను పరీక్షించి తదనుగుణంగా ధర చెల్లించే ఏర్పాటుకు పూనుకోవాలి.